గడి లేని దగ్గు

నాది కఫం డబ్బాల ఉద్యోగం.
బండి వెనక ఐసు పెట్టె, సంచిలో రిజిస్టరు,
చెవి సందున పెన్ను.
గుర్ల దాటి మట్టిరోడ్డెక్కేసరికి
గెడ్డలో ఊరేసిన గోగుకట్టల కంపు
నాకంటే ముందే ఊళ్లోకి పోయి
"డబ్బాలాయనొస్తన్నాడ్రా" అని చెప్పేస్తుంది.

రిజిస్టరులో పద్నాలుగు గళ్లు.
పేరు, ఇంటిపేరు, వయసు, బరువు,
మాత్రలు మొదలెట్టిన తేదీ, ముగిసిన తేదీ...
చిట్టచివరి గడి చిన్నది.
ఒక్క మాటే పడుతుంది అందులో:
నయమైంది. లేదా, పోయాడు.

రౌతు దాలినాయుడు. జూట్ మిల్లు, రాత్రి షిఫ్టు.
ఆరు నెలలు ఒక్క పూట మానకుండా మింగాడు.
పోయినేడు కార్తీకంలో
నా చేత్తోనే రాశాను "నయమైంది" అని,
సున్నా కాస్త గుండ్రంగా చుట్టి మరీ.

దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి తువ్వాల మీద ఎర్రగా.
డబ్బా ఇచ్చాను. క్రిమి లేదన్నారు.
ఇంకోటి ఇచ్చాను. లేదన్నారు.
కాగితం ప్రకారం దాలినాయుడు దగ్గడం లేదు.
ఆ రాత్రి గోడ అవతల దగ్గింది మరెవరో.

విజయనగరం పెద్దాసుపత్రిలో రెండు ఫిల్ములు తీశారు,
నిలబెట్టి ఒకటి, పక్కకి పడుకోబెట్టి ఒకటి.
పాత జబ్బు తొలిచిన గుంత అలాగే ఉంది.
ఖాళీ ఇంట్లో ఎవరో చేరినట్టు
అందులో ఒక ముద్ద.
కుడికి ఒత్తిగిల్లితే కుడికి జారుతుంది,
ఎడమకి తిరిగితే ఎడమకి,
ఎండిన ఆనపకాయలో గింజలా.

డాక్టరమ్మ పొడుగాటి పేరొకటి చెప్పింది.
గున్నమ్మ నా మొహం చూసింది.
"ఫంగస్" అన్నాను. ఇంకా చూస్తోంది.
"ఏటి బాబూ, బూజా?
ఊరగాయ జాడీకి పట్టిందంటే పైపైది తీసీసి పారేత్తాను.
ఈ మనిషికి లోపల పడితే
ఏ గరిటెట్టి తియ్యాల?"

అప్పట్నించీ నాకు నిద్ర లేదు.
ఎనిమిదేళ్లలో నేను "నయమైంది" అని రాసిన పేర్లు
మూడువందల పైచిలుకు.
వాళ్లిళ్లకి మళ్లీ ఎవరూ వెళ్లలేదు.
వెళ్లమని ఎవరూ చెప్పలేదు.
గడి నిండాక గడపెందుకు తొక్కుతాం?

ఆదివారాలు వెళ్లాను.
తొలి ఊళ్లో తలుపులేసుకున్నారు.
"దగ్గూ లేదు, ఏటీ లేదు" అంది ఒకామె
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.
మిల్లులో తెలిస్తే పని పోద్దని భయం.
మజ్జి సన్నాసి డబ్బా అందుకుని నవ్వాడు:
"ఎనిమిదేళ్లకి గుర్తొచ్చినానా,
దారి తప్పినావేటి?"
నార ఆరేసిన దండేల మీంచి గాలి వీస్తే
ఎండలో దుమ్ము బంగారు నలుసుల్లా లేస్తుంది.
అందంగానే ఉంటుంది. అదే బాధ.

రిజిస్టరు అంచున స్కేలు పెట్టి
పెన్సిల్‌తో పదిహేనో గడి గీశాను.
ఏడూళ్లు తిరిగాక అందులో పంతొమ్మిది టిక్కులు.
ఎన్ని ముద్దవో, ఎన్ని దుమ్మువో,
ఎన్ని ఉత్త ముసలితనమో నాకు తెలీదు.
తెలియాలంటే నెత్తురు విశాఖ చేరాలి,
ఐసు కరిగేలోగా.

తనిఖీకొచ్చిన ఆఫీసరు ఆ గీత మీద వేలు పెట్టాడు.
రబ్బరడుగుతాడనుకున్నాను.
"దీనికి హెడ్డింగేదయ్యా?" అన్నాడు.
ఇద్దరం కాసేపు ఆలోచించాం.
ఆ పొడుగు పేరు ఆయనకీ నోరు తిరగలేదు,
గడిలోనూ పట్టలేదు.
గున్నమ్మ మాటే రాశాను: బూజు.

కంప్యూటరు దాన్ని తీసుకోలేదు.
ఎర్రగా ఏదో చూపించి
పద్నాలుగు గళ్లే పంపమంది. పంపాం.

దాలినాయుడు పేరెదుట పాత మాట కొట్టెయ్యలేదు.
పక్కన చిన్న కొక్కెం పెట్టి వదిలేశాను.
బిళ్లలు నెలకెంతవుతాయో విని
గున్నమ్మ వేళ్ల మీద లెక్క మధ్యలో ఆపేసింది.
నేను బండి తీస్తుంటే
ఆయన మంచం మీద లేచి కూచున్నాడు.
"నాను లెక్కలోకొచ్చినానేటి బాబూ?"
వచ్చావన్నాను.
"అయితే సరే" అని
మెల్లగా
అటువైపు ఒత్తిగిల్లాడు.